రాణిని చంపినవాడు

చర్ల బడిలో మా తెలుగు టీచరు పాత కావ్యం చెబుతూ, కథ ఆపదలో పడగానే వేలు మధ్యలో పెట్టి పుస్తకం మూసేది. తర్వాత ఏమవుతుందో మమ్మల్నే చెప్పమనేది. పద్యమంటే పారిపోయే మేము కూడా ఆ వేలు వైపే చూస్తూ కూర్చునేవాళ్లం.

ఒక శనివారం కథలో రాణి అడవిలో తప్పిపోయింది.

"మన అడవే అనుకోండ్రి. ఎటు పోతది?"

"పోడు చేన్లకు చెట్లు కాల్సే పొగ లేసే దిక్కు, టీచర్. మనుషులు ఆడనే ఉంటరు," అంది వెనక బెంచీ పిల్ల. టీచరు మెచ్చుకుంది.

నేను లేచి, "వాగెంబడి పోతది," అన్నాను.

"నడి ఎండాకాలం వాగుల నీళ్లేడియిరా? దూపకు రాణిని సంపినవ్ పో!"

క్లాసంతా నవ్వింది. ఇంతలో ఆమె ఇంటికెళ్లే భద్రాచలం బస్సు హారన్ కొట్టింది. ఆమె పుస్తకం పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు సంతలో కూడా క్లాసు పిల్లలు "రాణిని సంపినోడొచ్చిండు" అన్నారు. కోపం కంటే భయం ఎక్కువైంది. నిజంగానే చచ్చిపోతే? అన్నం సహించలేదు.

సోమవారం గేటు దగ్గరే ఆమెను ఆపాను. "బతికిందా టీచర్?"

"నువ్వే సూసి చెప్పు," అని పుస్తకం చేతిలో పెట్టింది.

పద్యాలు కూడబలుక్కుని చదివాను. వాగు కనబడింది, నిండా నీళ్లతో. రాణి దాని వెంటే నడిచి ఊరు చేరింది.

"టీచర్, పుస్తకంల ఎండాకాలమే లేదు! మీరే కల్పించిండ్రు!"

"అవ్ రా," అని నవ్వింది. "ఇంకోటి ఇయ్యాల్నా?"

రాణిని నేను చంపలేదని క్లాసులో చెబుతుందేమోనని ఏడాదంతా ఎదురుచూశాను. చెప్పలేదు. ఆమె ఇంకెక్కడెక్కడ కల్పించిందో పట్టుకోవాలని, ఇచ్చిన పుస్తకాలన్నీ వదలకుండా చదివాను.