ఫారంలో ఏడో గడి

మొన్న సోమవారం పెన్షను పని మీద బ్యాంకుకు వెళ్లి, తిరిగొస్తూ ఎండకు తట్టుకోలేక బిలాస్‌పూర్‌లోని మా పాత ప్రభుత్వ కాలేజీ గేటు నీడన కాసేపు నిలబడ్డాను. నిలబడ్డవాణ్ని ఊరుకోవచ్చు కదా, గేటుకు కట్టిన ఫ్లెక్సీ చదవడం మొదలుపెట్టాను. అడ్మిషన్లు మొదలయ్యాయట. కోర్సుల పేర్లు కిందికి వరసగా ఉన్నాయి, వాటి పక్కన రెండు వరసల్లో సీట్లు. ఒకటి రెగ్యులరు, రెండోది సెల్ఫ్ ఫైనాన్సు, అంటే ఖర్చంతా పిల్లలే పెట్టుకునేది. మొదటి వరసలో చాలాచోట్ల అంకె బదులు చిన్న గీత ఉంది. రెండో వరసలో ఎక్కడా గీత లేదు. నేను కళ్లజోడు పైకెత్తి, కిందికి దించి అంతసేపు చదువుతుంటే గేటు దగ్గర కాపలా మనిషికి జాలేసినట్టుంది, స్టూలు నా వైపు జరిపి, మనవరాలి కోసమా బాబూజీ అని హిందీలో అడిగాడు. కాదన్నాను. మరి ఎవరి కోసం అన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే చాలా దూరం వెళ్లాలి. దాహంగా ఉందని చెప్పి కాసిని మంచినీళ్లు తాగి వచ్చేశాను.

నేను చదువుకున్నదీ ఆ కాలేజీలోనే. అప్పట్లో మా ఏడాది ఫీజు మా నాన్న కొనుక్కునే చెప్పుల ఖరీదు దాటేది కాదు. నాన్న బొగ్గు ఇంజిన్ల మీద ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరైన మనిషి, చెప్పుల విషయంలో చాలా పొదుపరి కూడాను. ఫీజు కట్టిన రోజు రసీదు చూసి, ఇంతేనా, మిగతాది ఎప్పుడు కట్టాలి అని అనుమానంగా అడిగాడు. మిగతాది సర్కారు కడుతుందని చెబితే చాలాసేపు నమ్మలేదు. పక్కనున్న బిల్హా నుంచి వరి రైతుల పిల్లలు పొద్దుటి లోకల్లో వచ్చేవారు, మేం రైల్వే క్వార్టర్ల నుంచి సైకిళ్ల మీద వెళ్లేవాళ్లం. ఏ ఊరు, ఎవరి పిల్లలు అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. గదుల్లో ఫ్యాన్లు తిరిగేవి కావు గాని పాఠాలు చెప్పేవాళ్లు ప్రతి గదిలోనూ ఉండేవారు. కెమిస్ట్రీ ల్యాబు పక్కన మా కామర్సు క్లాసు. వాళ్లు ఏదో వాయువు తయారుచేసిన రోజున కుళ్లిన కోడిగుడ్ల కంపుకి మేమంతా ముక్కులు మూసుకుని జమాఖర్చులు నేర్చుకునేవాళ్లం. ఆ చదువుతోనే నాకు రైల్వే డివిజన్ ఆఫీసులో గుమస్తా ఉద్యోగం వచ్చింది. అంత చవగ్గా దొరికింది కాబట్టి అది ఎప్పటికీ అలాగే దొరుకుతుందని అనుకున్నాను.

ఆఫీసులో చేరాక కాలనీలో నాకో హోదా వచ్చింది. తెలుగువాళ్లలో నా అంత చక్కటి హిందీ దస్తూరీ ఇంకొకరికి లేదు. పాసు దరఖాస్తు, క్వార్టరు మార్పిడి, స్కూలు అడ్మిషన్, ఏ ఫారమైనా ఆదివారం పొద్దున మా వరండాలోకి రావలసిందే. మా ఆవిడ టీలు పోసి పోసి విసిగిపోయి, మీకు జీతం ఇస్తున్నది రైల్వే వాళ్లా, ఈ కాలనీ వాళ్లా అనేది. నాకేమో ఒళ్లు తెలిసేది కాదు. ఫారం చేతిలోకి తీసుకుని ఒకసారి పైనుంచి కిందికి చూసి, పెన్ను విదిలించి, ఆపకుండా నింపేసేవాణ్ని. చుట్టూ జనం చూస్తుండేవారు. ఫారంతో పాటు వచ్చే సూచనల పుస్తకాలు నేనెప్పుడూ తెరవలేదు. అవి చదవాల్సినవాళ్లు వేరే ఉంటారని నా గట్టి నమ్మకం.

మా వాళ్లకు ఇంకొక అలవాటు ఉంది. అది చెబితే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఈ రైల్వే లైను మీదకు కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం మేమంతా. సర్వీసు రికార్డులో స్వస్థలం రాయమంటే మొదట వచ్చినవాళ్లు తమ పల్లె పేరు రాసుకున్నారు. వాళ్ల కొడుకులూ అదే రాశారు, మనవలూ అదే రాశారు. ఆ పల్లెలో మాకు మిగిలింది ఎవరో పశువులను కట్టుకుంటున్న పెరడొక్కటే. మా పిల్లల్లో సగం మందికి అక్కడికి ఏ స్టేషనులో దిగాలో కూడా తెలియదు. అయినా ఎక్కడ ఊరి పేరు కనిపించాల్సి వచ్చినా బిలాస్‌పూర్ అని రాయడం మాకు చేత కాదు. రాస్తే చచ్చిపోయిన పెద్దలెవరో కళ్లెర్రజేస్తారని లోపల ఎక్కడో భయం.

మా చెల్లెలికి ఒక్కతే కూతురు. మా బావ, అంటే చెల్లెలి భర్త, లోకో షెడ్డులో ఫిట్టరు. షెడ్డులో ఇంజిన్ల నూనె పరీక్షించే చిన్న ల్యాబు ఒకటి ఉండేది. ఏదో పండగకు కుటుంబాలను లోపలికి రానిచ్చినప్పుడు ఈ పిల్ల అక్కడ తెల్లకోటు వేసుకున్న ఒకావిడను చూసింది. మగవాళ్లంతా మోచేతుల దాకా గ్రీజుతో తిరిగే చోట ఆవిడ ఒక్కతీ గాజు గొట్టం వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తూ ఉందట. అప్పటికి పిల్ల ఎనిమిదో తరగతి. అప్పట్నుంచి అదే ధ్యాస. ఆ ఉద్యోగానికి ఏం చదవాలో తండ్రి చేత కనుక్కుంది. కెమిస్ట్రీతో డిగ్రీ ఉండాలన్నారు. మా కాలేజీలో అప్పటికి ఇండస్ట్రియల్ కెమిస్ట్రీ అని ఒక కోర్సు ఉండేది, కొద్దిపాటి సీట్లతో, ఒకే ఒక్క లెక్చరరు మీద నడిచేది. పన్నెండో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని, ఒక ఆదివారం ఫారం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. నలుగురూ ఉన్న వరండాలో కాక లోపల గదిలో రాయమంది. సిగ్గు.

ఫారంలో ఏడో గడి దగ్గర, అభ్యర్థి ఏ రాష్ట్ర నివాసి, ఏ జిల్లా అని ఉంది. మేముంటున్న ఈ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. నా పెన్ను ఆగలేదని చెబితే అబద్ధం, ఒక్క క్షణం ఆగింది. మంచం మీద పడుకున్న నాన్న తల ఎత్తాడు.

"ఆలోసిస్తావేటిరా? మనూరు రాయి. రాష్ట్రాలేటి, ఇవాళొకటి పుడతాది, రేపొకటి పుడతాది. మనూరెక్కడికి పోద్ది?"

పిల్ల నా భుజం మీదుగా వంగి చూసింది. "మావయ్యా, నాను పుట్టింది ఇక్కడే కదా, రైల్వే ఆస్పత్రిలో. ఇక్కడిదే రాయాలేమో?"

"నీకేటీ తెల్దు, ఊరుకో గుంటా," అన్నాను. ఆంధ్రప్రదేశ్, శ్రీకాకుళం జిల్లా అని గుండ్రటి అక్షరాలతో రాసేశాను. నా ఫారంలోనూ ఒకప్పుడు అదే రాసుకున్నాను కదా, నా సీటు ఎక్కడికీ పోలేదు కదా. పక్కనే సూచనల పుస్తకం ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను.

జాబితా అంటించిన రోజున పిల్ల పేరు ఎక్కడా లేదు. ఆమె కంటే తక్కువ మార్కులవాళ్ల పేర్లున్నాయి. నేను హడావిడిగా పరిగెత్తాను. రెగ్యులరు సీట్లు ముందు ఈ రాష్ట్రం వాళ్లకేననీ, మిగిలితేనే బయటివాళ్లకనీ, ఈసారి ఏమీ మిగల్లేదనీ ఆఫీసులో చెప్పారు. బయటివాళ్లా అన్నాను. గుమస్తా ఫారం తీసి నా దస్తూరీ నాకే చూపించాడు. స్థానిక నివాసి ధ్రువపత్రం తెస్తే చూద్దామన్నాడు. తహసీలు ఆఫీసుకు పోతే పట్వారీ, అంటే మన కరణం లాంటివాడు, అతని రిపోర్టు కావాలన్నారు. పట్వారీ ఎక్కడో పొలాలు కొలవడానికి వెళ్లాడన్నారు. నేను సెలవు పెట్టి మరీ తిరిగాను. కాగితం చేతికి వచ్చేసరికి సీట్లు నిండిపోయాయి. సెల్ఫ్ ఫైనాన్సులో మాత్రం ఖాళీ ఉందన్నారు. అదే గది, అదే లెక్చరరు, అవే గాజు గొట్టాలు, ఫీజు మాత్రం మా బావ మూడు నెలల జీతం.

"ఒకే బల్ల మీద కూకుంటారు కదా బావా," అన్నాడు మా బావ. "పక్కనున్నోడు అంతే కడితే మన పిల్ల ఇంత కట్టాలా? ఇదేటి సర్కారీ కాలేజీ?"

తప్పెవరిదని అడిగారు ఇంట్లో. ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఈ వయసులో కూడా నోరు రావడం లేదు. దరఖాస్తులు తీసుకున్నాక రూలు మార్చారు, మనకేం తెలుసు అన్నాను. అందరూ నమ్మారు. ఫారాలు నింపే మనిషిని నమ్మక ఏం చేస్తారు? కాలేజీవాళ్లను మా చెల్లెలు నోటికొచ్చినట్టు తిట్టింది. నేను ఇంటికొచ్చి, టీ మరకపడ్డ ఆ పుస్తకం తెరిచాను. ఆ రూలు రెండో పేజీలోనే ఉంది, నల్లగా అచ్చేసి. పుస్తకం చింపి పొయ్యిలో పెట్టాను.

మొదటి ఏడాది ఫీజు నేను కట్టి ఉండవచ్చు. పీఎఫ్‌లో అప్పు తీసుకుంటే సరిపోయేది. కాని అప్పుడే ఊళ్లో తోర్వా పేటలో ఇల్లు మొదలుపెట్టాను, స్లాబు వెయ్యాలి. ఇప్పుడు ధ్రువపత్రం ఉంది కదా, వచ్చే ఏడు రెగ్యులరు సీటే వస్తుంది, ఒక్క ఏడాదిలో కొంపలేం మునగవు అన్నాను. అందరికీ సబబుగానే తోచింది. స్లాబు వేసుకున్నాను. మరుసటి ఏడు ఫారం తెద్దామని వెళితే ఆ లెక్చరరు రిటైరయ్యాడు. ఆయన చోట ఇంకొకర్ని వేయడానికి సర్కారు మంజూరు ఇవ్వలేదు. పీరియడుకింత అని ఇచ్చి బయటినుంచి ఒకాయన్ని పిలిపిస్తున్నారు, ఆ డబ్బు పిల్లలే పెట్టుకోవాలి కాబట్టి కోర్సు మొత్తం సెల్ఫ్ ఫైనాన్సులోకి మార్చేశారు. ఆ కాలేజీలో తక్కువ ఫీజుతో కెమిస్ట్రీ చదివిన ఆఖరి బ్యాచి, మా పిల్లకు సీటు రాకుండా పోయిన ఆ బ్యాచే. ఆ సంగతి విన్న రోజున భోజనం ముందు కూర్చుని లేచిపోయాను. మా ఆవిడ కారణం అడిగితే అజీర్తి అన్నాను.

పిల్ల బి.ఏ. ప్రైవేటుగా రాసింది. ఆ డిగ్రీకి ల్యాబుల జోలి లేదు, కాలేజీ గడప తొక్కాల్సిన పనీ లేదు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఊళ్లోనే తార్‌బహార్ పేటలో చిన్న దుకాణం పెట్టుకుంది. జిరాక్సు, ఫోటోలు, కంప్యూటర్లో దరఖాస్తులు నింపడం. బాగానే సాగుతోంది. పండగలకు నాకు పంచె పెడుతుంది. నా రూలు కథ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు చల్లగా ఉండేది. నాన్న పోయాడు. చెల్లెలూ బావా ఇక్కడే ఉన్నారు, కాని వాళ్లూ ఆ మాట మరిచిపోయారు. మరిచిపోనిది నేనొక్కణ్నే అనుకుంటూ వచ్చాను.

ఆ సోమవారం గేటు దగ్గర నీళ్లు తాగాక ఇంటికి పోలేదు. నేరుగా దుకాణానికి వెళ్లాను. ఒక తల్లీ కూతుళ్లు కూర్చుని ఉన్నారు, కాలేజీ దరఖాస్తు పని. మా పిల్ల తెర మీద సూచనలు ఒక్కొక్కటీ వాళ్లకు చదివి వినిపిస్తోంది. ఆ తల్లి, జల్దీ కీజియే దీదీ అని తొందరపెడుతున్నా వినకుండా చివరిదాకా చదివింది. వాళ్లు వెళ్లాక నాకు కుర్చీ వేసి, ఎండలో ఎందుకొచ్చావని కేకలేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదేమోనని భయం.

"అమ్మా, రూలు తర్వాత మార్చారన్నాను చూడు, అది అబద్ధం. ముందే ఉంది. పుస్తకంలో అచ్చేసి ఉంది. నేనే చదవలేదు," అన్నాను.

ఆమె కాగితాలు సర్దుతూనే ఉంది. "తెలుసు మావయ్యా."

"ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పలేదు. కాలేజీలో ఫారం ఇచ్చింది నానే కదా. కిటికీలో కూకున్న ఆయన సూసి, ఏ క్యా లిఖ్ దియా బేటీ, ఇదేటి రాసినావు, ఉండేది ఇక్కడే కదా అన్నాడు. దిద్దుకోమని పెన్ను కూడా ఇచ్చినాడు."

"మరి నువ్వేమన్నావు?"

ఆమె నవ్వింది. నా వైపు చూడకుండా నవ్వింది. "ఏటంటాను? మా మావయ్య రాసినాడు సార్, తప్పుండదు అన్నాను."

ఆ తర్వాత ఏదో చెప్పింది, టీ తెప్పిస్తాననో, కూర్చోమనో. నాకు వినపడలేదు. ఆ గుమస్తా కిటికీలోంచి పెన్ను చాపి పట్టుకున్నది ఎంతసేపని, అర నిమిషం ఉంటుందేమో. నాకు మిగిలిన కాలమంతా ఆ అర నిమిషంలోనే గడిచేట్టుంది.