దొరసానికి ముందుగది

సిరిల్ మోటారుసైకిల్ గురించి అడగని వెధవ ఈ వీధిలో లేడు. ఆ ఆకుపచ్చ ట్యాంకు మీద బంగారు గీత ఎవరు గీశారు, ఎంత జోరుగా పోయేది, ఇప్పుడెవరి దగ్గరుంది, అన్నీ కావాలి మీకు. అల్మా సట్‌క్లిఫ్ ఎవరని మాత్రం ఒక్కడూ అడగడు. ఆ బండికి చలి తగలకుండా ఎవరి ఒంట్లోకి చలి దూరిందో ఒక్కతీ అడగదు. నోటినిండా బిస్కట్లు కుక్కుకుని అలా గుడ్లప్పగించి చూడకండి. కూచోండి. ఇవాళ బండి ఊసు కాదు, మనిషి ఊసు.

అల్మా పుట్టింది హాలిఫాక్స్ ఊరి పల్లంలో, ఉన్ని మిల్లుల పక్క సందులో. కింద ఒక గది, పైన ఒక గది, ఇల్లంతా పిల్లలే. వాళ్ళమ్మ రొమ్ము పడిశంతో మంచం పడితే, ఆ మంచం వేసింది వంటింట్లోనే. ఆవిడ దగ్గుతుంటే పక్కనే క్యాబేజీ ఉడుకుతుండేది, మగపిల్లలు బూట్లు విసురుకుంటుండేవాళ్ళు. పలకరించడానికి ఎవరన్నా వస్తే నిలబడే చోటుండేది కాదు. ఆవిడ సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకునేది. అది చూసి పెరిగిన అల్మా జన్మకి ఒకటే కోరుకుంది, ముందుగది ఉన్న ఇల్లు. ఆ రోజుల్లో ముందుగదిని ఊరికే తెరిచేవాళ్ళు కాదు. క్రిస్మస్ వస్తేనో, పాదిరి గారు వస్తేనో తెరిచేవాళ్ళు. ఇంట్లో మనిషికి పెద్ద జబ్బు చేస్తే మంచం అక్కడికి దించి, పొయ్యిలో నిప్పు వేసి, గౌరవంగా చూసుకునేవాళ్ళు.

కొండమీద రాతి క్వారీలో మిషన్లు బాగుచేసే సిరిల్ సట్‌క్లిఫ్‌ని ముప్పై దాటాక చేసుకుంది. "నిన్ను చూసి కాదయ్యా, నీ ముందుగదిని చూసి ఒప్పుకున్నా" అని పదిమందిలో అనేది. సిరిల్ పడీపడీ నవ్వేవాడు. ఆమె హాస్యానికి అనలేదని అతనికి తెలీదు.

సిరిల్‌కి రెండు బండ్లు. ఒకటి ఆ ఆకుపచ్చ ట్యాంకుది, మంచిది, ఏళ్ళ తరబడి బీరు మానేసి కొనుక్కున్నది. ఎండ కాయాలి, అదీ ఆదివారమవ్వాలి, అప్పుడే దాన్ని బయటికి తీసేవాడు. రెండోది యుద్ధంలో సైన్యం వాడి పారేసిన నల్ల బండి. దాని పక్కన మూడో చక్రం మీద చెక్కలతో చేసిన తొట్టి. పనికి, బొగ్గుకి, బంగాళాదుంపలకి, వానకి, మంచుకి అదే. బండి పిచ్చి ఉన్న ప్రతి మగాడికీ మన కొండల్లో అలాంటిదొకటి ఉండాల్సిందే. మంచు మొదలైతే అది కరగాలని మున్సిపాలిటీ లారీలు రోడ్ల మీద ఉప్పు చల్లుతాయి కదా. ఆ ఉప్పు ఇనుముని చెదపురుగులా తినేస్తుంది. అందుకని నవంబరు మంటల పండగ దాటగానే మంచిదాన్ని లోపల దాచేస్తారు. ముసలిదానికి మాడిన ఇంజను నూనె ఒళ్ళంతా పులిమి, తింటే తిననీ అని రోడ్డు మీదికి తోలతారు. వసంతంలో గట్టి వానలు పడి ఉప్పంతా కడుక్కుపోయేదాకా మంచి బండి చక్రం గడప దాటదు. దాటిస్తే మహాపాపం.

పెళ్ళైన మొదటి నవంబరులో అల్మా ముందుగదికి కొత్త పరదాలు కట్టుకుంటుంటే గుమ్మం దగ్గర ధబ్‌మని చప్పుడైంది. చూస్తే మెట్ల మీద చెక్కపలక వేసి సిరిల్ మంచి బండిని లోపలికి తోస్తున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?"

"ఆ తివాచీ కాస్త చుట్టెయ్ పిల్లా. నూనె కారుద్ది."

"ఇది ముందుగది, సిరిల్."

"అందుకేగా. వెనక పెరట్లో చెమ్మ. మా అమ్మున్నప్పుడూ ఇక్కడే పెట్టేవాణ్ణి. వానలు పడేదాకానేలే."

"మీ అమ్మ ఏమీ అనేది కాదా?"

"అనేది. తర్వాత పోయింది."

అప్పట్నుంచి ఏటా అదే తంతు. బండి హ్యాండిలు తగలకుండా బల్ల పైగదికెళ్ళింది, అద్దం వంటింట్లోకెళ్ళింది. అల్మా ఆ బండికి దొరసాని అని పేరు పెట్టింది. రెండోది ముసలిదే. గడ్డకట్టే చలి పడితే దొరసానికి చెమ్మ పట్టకుండా సిరిల్ దాని పక్కన కిరసనాయిలు స్టవ్వు వెలిగించి పెట్టేవాడు. వీళ్ళు పడుకునే పైగదిలో మాత్రం కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పేరుకునేది.

"ఏమ్మా, మీ సవతి బాగుందా?" అని పక్కింటి ఎథెల్ గోడ మీంచి వేళాకోళం చేసేది.

"దానికేం, మహారాణిలా ఉంది. రాత్రి దానికి స్టవ్వు పెట్టాడు, నాకు వీపు పెట్టాడు."

ముసలిది అల్మా వాటాకి వచ్చింది. తెల్లారకముందే సిరిల్ ఆమెని ఆ చెక్క తొట్టిలో కూచోబెట్టి ఆమె పనిచేసే ఉన్ని మిల్లు దగ్గర దించి క్వారీకి పోయేవాడు. ముందు చక్రం చిమ్మే ఉప్పునీళ్ళు మొహం మీదే పడేవి. మేజోళ్ళు తడిసి, పగలంతా మగ్గం దగ్గర కాళ్ళ మీదే ఆరేవి. శనివారం సిరిల్ దొరసానికి మైనం రుద్దుతూ కూచుంటే, పెరట్లో వేడినీళ్ళు పోసి ముసలిదాని ఉప్పు వదిలించే పని అల్మాది. వేళ్ళ సందులు పగిలి నెత్తురొచ్చేది. అయినా ఆ ముసలిదంటే ఆమెకి కోపం లేదు. కిక్కు కొట్టడం నేర్చుకుంది. సిరిల్ మోకాలు పట్టేసిన రోజు తనే తోలుకుంటూ కొండ మీదికి బొగ్గు తెచ్చింది. వీధంతా గుమ్మాల్లోకొచ్చి నవ్వింది. ఆమె కూడా నవ్వింది.

ఒక ఎండాకాలం సిరిల్ దొరసాని మీద ఎక్కించుకుని సముద్రానికి తీసుకెళ్తానన్నాడు. ఎక్కేముందు, కోటు బొత్తాలు రంగుకి గీసుకుంటాయి, విప్పమన్నాడు. ఆమె కోటూ విప్పలేదు, బండీ ఎక్కలేదు.

ఇలా ఏళ్ళు గడిచి పంతొమ్మిదొందల అరవై మూడో సంవత్సరం వచ్చింది. ఆ చలి ఎలాంటిదో మీకేం తెలుసు. క్రిస్మస్ మర్నాడు పడ్డ మంచు మార్చిదాకా లేవలేదు. కొళాయిలు పగిలాయి, గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే చచ్చాయి. జనవరిలో అల్మాకి దగ్గు పట్టుకుని వదల్లేదు. డాక్టరు ఆ నిటారు మెట్లెక్కి ఆమె ఊపిరి విని, మంచం పక్కన గ్లాసులో గడ్డకట్టిన నీళ్ళు చూశాడు.

"ఈ గదిలో ఉంటే ఈవిడ బతకదు" అన్నాడు సిరిల్‌తో. "ఇవాళే మంచం ముందుగదిలోకి దించు. పొయ్యిలో నిప్పు ఆరనివ్వకు."

"ముందుగది ఖాళీ లేదండీ."

"ఏముందక్కడ? శవమా?"

కిందికి దిగి తలుపు తీసి చూసి, మొదట నవ్వేశాడు డాక్టరు. సిరిల్ నవ్వకపోయేసరికి తనూ ఆపేశాడు. "బయట పెట్టు దాన్ని" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అల్మా పైనుంచి అంతా వింది. ఇన్నాళ్ళకి ఆ గది తనదవుతుందనుకుంది. సిరిల్ పైకొచ్చి మంచం అంచున కూచున్నాడు.

"దించుతాలే పిల్లా. ఒక్క వాన పడనీ."

"వాన ఎప్పుడు పడుద్ది సిరిల్?"

"పడుద్ది. ఎప్పుడో అప్పుడు పడకుండా ఉండదుగా."

సంగతి ఎథెల్ చెవిన పడింది. తన మొగుణ్ణీ, మరో ముగ్గురు మగాళ్ళనీ వెంటేసుకుని వచ్చింది. బండిని వీధి చివర తమ షెడ్డులో పెట్టుకోమంది.

"అంతదూరం ఉప్పులో ఎలా తోస్తాను?" అన్నాడు సిరిల్.

"తొయ్యొద్దు. ఈ నలుగురూ మోస్తారు. నేల తగలనియ్యరు. పెళ్ళికూతుర్ని మోసినట్టు మోస్తారు, సరేనా?"

సిరిల్ వాళ్ళ బూట్ల వైపు చూశాడు. "బూట్లకి ఉప్పుంది. చిందుద్ది. ఆదివారం చూద్దాం."

"ఓరి నీ బండి బూడిదైపోను! అది ఆడదిరా పైనున్నది!"

"నా ఇంట్లో నువ్వు అరవమాకు" అన్నాడు సిరిల్. ఆ ఆదివారం రాలేదు. వచ్చిన ప్రతి ఆదివారం ఇంకో ఆదివారాన్ని చూపించేవాడు.

ఒకరోజు సిరిల్ ముసలిదాన్నేసుకుని క్వారీకి పోయాక, అల్మా దుప్పటి చుట్టుకుని మెట్లు ఒక్కొక్కటే కూచుంటూ దిగింది. ముందుగది పొయ్యిలో తన చేత్తో నిప్పు రాజేసింది. బండికీ గోడకీ మధ్య దిండు వేసుకుని పడుకుంది. ఎథెల్ పులుసు తెచ్చి చూసేసరికి మొహం ఎర్రగా, కులాసాగా ఉంది.

"చూడు ఎథెల్, పరదాలు ఎంత బావున్నాయో. ఇక్కణ్ణుంచి నేనెప్పుడూ చూడలా."

సాయంత్రం సిరిల్ వచ్చాడు. కోప్పడలేదు, పాపం మంచివాడు. ముందు ఒక దుప్పటి తెచ్చి ట్యాంకు మీద మసి పడకుండా కప్పాడు. తర్వాత ఆమె చంకల కింద చేతులేసి లేపాడు.

"ట్యాంకులో పెట్రోలుంది పిల్లా. నిప్పు దగ్గర ప్రమాదం."

"నీ స్టవ్వుకి లేని ప్రమాదం నా పొయ్యికి వచ్చిందా?"

సిరిల్ ఆమెని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. పైకే మోసుకెళ్ళాడు. ఆ రాత్రి ఏమనిపించిందో, స్టవ్వు తెచ్చి ఆమె మంచం పక్కన పెట్టాడు.

"తీసుకుపో" అంది అల్మా. "దొరసానికి జలుబు చేసుద్ది."

గోడవైపు తిరిగి పడుకుంది. ఇక ముందుగది మాట ఎత్తలేదు. ఫిబ్రవరిలో, వాన పడకుండానే, పైగదిలోనే పోయింది.

శవపేటిక ముందుగదిలోనే ఉంచాలి, వచ్చేపోయేవాళ్ళు అక్కడే చూడాలి. అది మన పద్ధతి. సిరిల్ తనే ఎథెల్ గుమ్మం ముందుకొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

"మీ ఆయన్నీ, ఆ ముగ్గుర్నీ కాస్త పంపుతావా? బండి తియ్యాలి."

"ఉప్పుంది కదా సిరిల్ రోడ్డు మీద."

"జనం వస్తారు ఎథెల్. ముందుగదిలో బండుంటే ఏమనుకుంటారు?"

నలుగురూ వచ్చారు. బూట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. టీ చల్లారేలోపు దొరసాని ఎథెల్ షెడ్డులో ఉంది. పొయ్యిలో పెద్ద నిప్పు వేశారు. పేటిక దించారు. వీధి వీధంతా వచ్చి ఉప్పుమాంసం ముక్కలూ రొట్టే తిని, గది ఎంత వెచ్చగా ఉందో, పరదాలెంత బావున్నాయో చెప్పుకుంది. శ్మశానానికి అందరూ కార్లలో వెళ్ళారు. సిరిల్ ముసలిదాని మీద, పక్క తొట్టి ఖాళీగా, వెనక వెళ్ళాడు.

అల్మా సట్‌క్లిఫ్ పోయేనాటికి ఆమె వయసు నలభై ఆరు.