తడపని కట్ట

కట్టకు వేసే మట్టిని ముందు చేత్తోనే పరీక్షిస్తాం. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి. పొడిగా రాలిపోతే తడి చాలదని అర్థం. అలాంటి మట్టి మీద రోలరు ఎంత తిప్పినా గడ్డల మధ్య సందులు మిగిలిపోతాయి. రేపు చెరువు నిండితే నీళ్లు ఆ సందులనే వెతుక్కుంటాయి. ఇది నాకు తెలియక కాదు.

నల్లమాడ దగ్గర ఒక పల్లెలో తెగిపోయిన చెరువు కట్టను తిరిగి వేసే పనికి నేను ఇంజనీరుని. ఎండాకాలం. మట్టి పరిచి, తడిపి, రోలరుతో తొక్కించి, ఆ పైన మరో పొర వేయాలి. తడపడానికి రోజూ దూరం నుంచి ట్యాంకరు వచ్చేది. ఊళ్లో బోర్లు ఎండిపోయాయి. మేం ఎర్రమట్టి మీద నీళ్లు వదులుతుంటే ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడి చూసేవారు. గొర్రెలు కాసే ఒక అవ్వ ఒకరోజు నేరుగా నా దగ్గరకే వచ్చింది.

"ఏమప్పా, మన్నుకు దప్పికయితాందా? వచ్చే జన్మకు మన్నయి పుట్టండని మా గొర్రెలకు చెప్తాలే."

అందరూ నవ్వారు. నేను నవ్వలేక, బిందెలు నింపమని డ్రైవరుకు చెప్పాను. మర్నాడు ఇంకా ఎక్కువమంది వచ్చారు. తర్వాత ట్యాంకరు రాగానే వరుస కట్టడం అలవాటైపోయింది. మిగిలిన నీళ్లు కట్ట మీద చిలకరించడానికే సరిపోయేవి. పని ఆపి రెండో ట్యాంకరు అడగాల్సింది. అడిగితే మొదటిది ఏమవుతోందని పైవాళ్లు అడుగుతారు. పైగా ఆ పల్లెలో నన్ను మంచి సారు అనుకోవడం నాకు బాగుంది. పొడి మట్టి మీదే రోలరు నడిపించాను.

పరీక్ష మాత్రం తప్పదు. ఇనుప గొట్టాన్ని తొక్కిన పొరలోకి దించి, అందులో ఇరుక్కున్న మట్టిని తూచి, ఎండబెట్టి మళ్లీ తూస్తే పొర ఎంత గట్టిపడిందో తెలుస్తుంది. కట్ట మీద ట్యాంకరు నిలిచేచోట బిందెల్లోంచి ఒలికిన నీళ్లకు మట్టి బాగా నానేది. గొట్టాన్ని ఎప్పుడూ అక్కడే దించాను. ఫలితం ఎప్పుడూ బాగానే వచ్చింది.

ఆ ఏడు చిత్త కార్తెలో ఎడతెరిపి లేని వాన. ఏళ్ల తర్వాత చెరువు నిండింది. ఆడవాళ్లు గంగమ్మకని పసుపు, కుంకుమ, గాజులు నీళ్లలో వదిలారు. కబురు విని నేనూ పోయాను. అందరూ నీళ్లవైపు చూస్తుంటే నేను కట్టకు వెనకవైపు దిగాను. అడుగున సన్నగా ఊట. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఏ మట్టి కట్టలోంచైనా కొంత ఊరుతుంది, తేట ఊటకు అంత భయం లేదు. ఊట మీద ఇసుక, దాని మీద కంకర వేయించాను. నీళ్లను వదిలి మట్టిని ఆపే జల్లెడలా పనిచేస్తాయని ఆశ.

తెల్లవారి చూస్తే ఊట కాస్త పక్కన లేచింది. దోసిట పట్టాను. ఎర్రగా ఉంది. కట్ట లోపలి మట్టి నీళ్లతోపాటు బయటికి వచ్చేస్తోంది.

ఇసుక మూటలతో మూసేద్దామన్నారు జనం. మూస్తే ఇంకోచోట లేస్తుందని, కట్ట తెగితే కిందనున్న ఇళ్లు మిగలవని చెప్పాను. నిండిన నీళ్లు పొర్లిపోయే మరవ దగ్గర తవ్వి చెరువును ఖాళీ చేయడం తప్ప నాకు దారి కనబడలేదు. పారలు పట్టుకున్నవాళ్లకు అవ్వ అడ్డంగా నిలబడింది.

"ఆ ఎండల్లో మాకు నీళ్లిచ్చినోడివి నువ్వు. ఈ నీళ్లను గూడా నిలబెట్టప్పా."

అప్పుడు చెప్పాను. మీకిచ్చినవి కట్టకు తెచ్చిన నీళ్లేనని, ఇచ్చి, కట్ట బాగా తడిసిందని చూపించానని. అవ్వ నావైపు తిరిగింది.

"అప్పుడే చెప్పింటే మేం పక్కూరికి నడిచేటోళ్లం గదప్పా. నడక మాకు కొత్తనా?"

పక్కకు తప్పుకుంది. మరవ తవ్వారు. నీళ్లు వంకలోకి పోతుంటే ఒక్కరూ నన్ను తిట్టలేదు. సాయంత్రానికి ఊట సన్నబడి మళ్లీ తేటబడింది. చెరువులో నీళ్లు దిగిన బురదలో గాజులు బయటపడ్డాయి. వాటిని ఎవరూ ఏరుకోలేదు.