టీ కొట్టులో కాఫీ తోట

మన్యంలో ఒక టీ కొట్టును ఒక్క ఫొటోతో కాఫీ తోటగా మార్చేసిన ఘనుణ్ణి నేనే. నవ్వండి, ఫరవాలేదు. అప్పుడు మాత్రం చిలకమ్మకు నవ్వు రాలేదు.

అప్పట్లో నేను టైడా పరిసరాల్లో విలేకరిని. కాఫీ తోటలున్న గిరిజన రైతులకు, నీడచెట్ల మీదికి పాకించుకోమని సర్కారు మిరియాల మొక్కలు ఉచితంగా ఇస్తోంది. షరతు ఒకటే. రైతును తోటలో నిలబెట్టి, మొక్కలిచ్చే శాఖవాళ్ల ఫోనుతో ఫొటో తీయాలి. ఊరి రైతుల్లో ఫొటో పడనిది చిలకమ్మ ఒక్కతే మిగిలింది. ఫొటో తీయాల్సిన ఉద్యోగిని పద్మ కాలు బెణికి కూర్చుంది. నేనున్నానంటూ ఫోను అందుకున్నాను.

"తోటలోకెళ్లే తీయండి సార్," అంది పద్మ.

"ఫొటోలు తీయడం నాకు నేర్పుతావా అమ్మాయ్?"

తోటేమో కొండ మీద. పైన వాన. నా బూట్లు కొత్తవి. "బేగి రా బాబూ" అంటూ చిలకమ్మ ముందు నడుస్తోంది. దారిలో సూర్రావు టీ కొట్టు కనబడగానే నా బుర్ర పాదరసంలా పరిగెత్తింది. పక్క పెరట్లో రెండు కాఫీ కొమ్మలు విరిచి, బెంచీకి కట్టి, ముందు ఆమెను నిలబెట్టాను.

"ఇదేటి సేత్తన్నావు? నా తోట పైనుంది కదా!"

"ఎక్కడుంటే ఏం అత్తా, ఫొటోలో ఉంటే చాలు."

టీ గిన్నె ఆవిరి అచ్చం కొండ మంచులా కుదిరింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆ ఫోను మనిషితోపాటు చోటును కూడా పట్టేస్తుందని నాకేం తెలుసు!

కొద్దిరోజులకు తనిఖీ అధికారి ఫోన్లో ఎర్రచుక్క వెంట నడుచుకుంటూ నేరుగా కొట్టులోకొచ్చాడు.

"కాఫీ తోట ఏదయ్యా?"

"కాఫీ లేదండి, అల్లం టీ ఉంది," అన్నాడు సూర్రావు.

అధికారి బెంచీ కింద కూడా వంగి చూశాడు. తోట లేదు కాబట్టి మొక్కలూ లేవన్నాడు. వానలు దాటితే ఆ ఏడు నాటడమే ఉండదు. కబురందుకున్న చిలకమ్మ పరుగున కొండ దిగి, నన్ను పిలిపించింది.

"నా తోటని నాను తినీసినానా బాబూ? సెప్పు ఆయనకి!"

నిజం చెప్పాను. ముగ్గురం కొండెక్కాం. నా బూట్ల సంగతి అడక్కండి. తోట చూసి అధికారి మెత్తబడ్డాడు, ఫొటో తీశాడు. తీరా కిందికొచ్చి సిగ్నల్ తగిలాక ఫోను మొరాయించింది. ఈమెకు టీ కొట్టు దగ్గర తోట ఉండనే ఉందట, ముందు దాన్ని రద్దు చేయాలట. రద్దుకీ ఆ చోట మనిషిని నిలబెట్టి ఫొటో తీయాలట.

"నాను నిలబడను. మళ్లీ తోటైపోద్ది," అంది చిలకమ్మ.

నేనే నిలబడ్డాను. అలవాటు కొద్దీ నవ్వాను కూడా. ఈ స్థలం ఏమిటని ఫోను అడిగింది. తోట, పొలం, బీడు, ఈ మూడింట్లో ఒకటి నొక్కాలి. అధికారి నన్ను కిందినుంచి పైదాకా తీరిగ్గా చూసి, "బీడు" నొక్కాడు.

చిలకమ్మకు మొక్కలొచ్చాయి. నా నవ్వుముఖం కింద మాత్రం "బీడు, సాగుకు పనికిరాదు" అని పడింది. ఇదేం న్యాయమని వాపోతే చిలకమ్మ అంది కదా:

"తప్పేటి రాసినారు బాబూ?"

అందుచేత అనంతగిరి కొండల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత వానైనా, ఎంత కొత్త బూట్లయినా, తోట దగ్గరికి నేనే ఎక్కుతాను. తోటను మాత్రం కొండ దింపను.