బెల్టు విప్పమన్న ఓవర్‌మన్

తెలంగాణ రాష్ట్రం ఏర్పడటానికి మూడు నాలుగేళ్ళ ముందు గోదావరిఖనిలోని ఒక బొగ్గుగనిలో నేను ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టులో కార్మికుల పనినీ భద్రతనూ చూసే అధికారిగా పనిచేసేవాణ్ణి. వానకాలంలో ఒక ఆదివారం మా షిఫ్టు కార్మికులు ఆరుగురితో కలిసి గోలేటి అవతలి గుట్టల్లో జలపాతం చూడటానికి వెళ్ళాను. తిరుగుదారిలో కొండవాగు మోకాలు దాటి పారుతోంది.

గనిలో తలదీపపు బ్యాటరీని నడుముకు బెల్టుతో బిగించుకోవడం మావాళ్ళకు అలవాటు. ఆ అలవాటుకొద్దీ సంచులను కూడా వీపుకు బెల్టులతో బిగించుకున్నారు. కాలు జారితే, తడిసిన సంచి మనిషిని లేవనివ్వదు.

"బెల్టులు విప్పండి. సంచి ఒక భుజానికే ఉండాలి" అన్నాను.

వాళ్ళలో పాతవాడైన కొమురయ్య నవ్వాడు. "బెల్టు బిగియ్యమని ఇరవై ఏండ్ల సంది తిట్టింది మీరే గదా! ఇయ్యాల ఇప్పుమంటరేంది సారూ?"

"సారుకు భయమైతున్నదిరా!" అన్నారెవరో వెనకనుంచి.

"అవును, అవుతోంది. విప్పనివాడు వాగులో దిగడు" అని దారికి అడ్డంగా నిలబడ్డాను.

గొణుగుతూ విప్పారు. ప్రవాహానికి ఎదురుగా తిరిగి, కర్రలతో నేల తడుముతూ, ఒక్కొక్క అడుగే పక్కకు వేశాం. నడివాగులో కొమురయ్య కాలు జారి మునిగాడు. సంచి భుజం మీదినుంచి జారి కొట్టుకుపోయింది. అతడు మాత్రం పైకి లేచి నా చెయ్యి అందుకున్నాడు.

ఒడ్డెక్కాక దగ్గుతూనే, "సంచిల నా కొత్త టిఫిను డబ్బా పాయె సారూ! బెల్టుంటే ఉండేది" అన్నాడు.

"టిఫిను ఉండేది. నువ్వే ఉండేవాడివి కాదు" అన్నాను.

పూటకో మాట చెప్పే ఓవర్‌మన్ అని గనిలో చాలాకాలం ఎగతాళి చేశారు. చేసుకోనివ్వండి. గనిలో బిగించమంటాను, వాగులో విప్పమంటాను. రెండుచోట్లా నా మాట వినవలసిందే.