గుండ్లకమ్మ గట్టున తెల్లరాయి

మొన్న ఆదివారం ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చి చొక్కా విప్పుతుండగా మా అల్లుడు ఫోను చేసి, తన సైకిలు అమ్మేస్తున్నానని చెప్పాడు. మంగళగిరిలో అతను పనిచేసే ఆఫీసులోనే కొత్తగా చేరినాయన ఎవరో కొనుక్కుంటున్నాడట. అమ్మేముందు ఒకసారి ఎటైనా వెళ్ళొద్దామా మావయ్యా అని అడిగాడు. ఓపిక లేదు నాయనా అన్నాను. అబద్ధం కాదు. ఈమధ్య మంచం దిగడమే నాకు పెద్ద ప్రయాణం, దానికి ముందొక విశ్రాంతి, తరవాతొక విశ్రాంతి కావాలి. ఫోను పెట్టేశాక మాత్రం ఆ సైకిలు కళ్ళ ముందు నుంచి కదల్లేదు.

దాన్ని గ్రావెల్ బైకు అంటారని అతను మొదటిసారి చెప్పినప్పుడు నవ్వాను. నున్నటి తారు రోడ్డుండగా దాన్ని వదిలేసి, పనిగట్టుకుని కంకర మీదా దొంకదారుల్లోనూ తొక్కడానికి చేసిన సైకిలట. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, లావుపాటి గళ్ళ టైర్లు. స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు. ఇన్ని లేవు కాబట్టే ఖరీదెక్కువట. మా నాన్న బతుకంతా దొంకల్లోనే సైకిలు తొక్కాడు, అదీ వెనక గడ్డిమోపు కట్టుకుని. పాపం, ఆయన చేసేది ఒక ఆట అని ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు. తరవాత గుంటూరు యార్డుకి మిరపకాయల బస్తాలు తోలే ట్రాలీ ఆటో మీద బతికాను. నాకు తెలిసినంతలో చక్రం అనేది దేన్నో ఒకదాన్ని మోసుకెళ్ళడానికి. ఉత్తినే తిరగడానికి చక్రం ఎందుకో నాకు అంతుపట్టేది కాదు.

అలాంటి నన్ను ఆ సైకిలెక్కించింది మా అల్లుడు కాదు, మా మేనత్త. నాన్నకి పెద్దక్క. పిల్లల్లేని మనిషి, మావయ్య పోయాక పెదకాకాని పక్కన మా ఇంట్లోనే ఉండేది. పళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయాయి, కళ్ళు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాయి, నోరు మాత్రం చివరి దాకా అత్తతోనే ఉంది. పొద్దున్నే వరండాలో కూర్చుని పొగాకు నములుతూ, వీధిలో పోయే ప్రతివాడి నడకనీ వాళ్ళ తాత నడకతో పోల్చి తిట్టేది. నేను ఎంత వేళాకోళం చేసినా దానికి రెండింతలు తిరిగిచ్చేది. ఏడాదికి ఒక్కరోజు మాత్రం మాట్లాడేది కాదు.

ఈస్టరుకి ముందురోజు శనివారం మేమంతా సున్నం బక్కెట్లు పట్టుకుని సమాధుల దొడ్డికి వెళ్తాం. ఎవరి సమాధులకి వాళ్ళు గడ్డి పీకి, సున్నం కొట్టి, మర్నాడు తెల్లవారుజామున పూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. తాత, నాయనమ్మ, నాన్న, అమ్మ, అందరూ ఒక వరసలో తెల్లగా మెరుస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. అత్త ఆ వరస చివరిదాకా నడిచి, చివరి సమాధి పక్కనున్న ఖాళీ నేల వంక చూస్తూ నిలబడేది. ఒక ఏడాది నేను ఊరుకోలేక, నీకు చోటు చూసుకుంటున్నావా అత్తా అని వేళాకోళమాడాను. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చాక చెప్పింది.

పెద్దయుద్ధం రోజుల్లో దొనకొండ దగ్గర విమానాలు దిగడానికి మైదానం వేశారు. దానికి కావలసిన ఇసకా గులకరాళ్ళూ గుండ్లకమ్మ ఏట్లోంచి జల్లెడ పట్టి లారీలకెత్తే పని ఉందంటే, ఇక్కడ కూలి దొరక్క మా తాత పెళ్ళాం పిల్లలతో అంత దూరం వెళ్ళాడు. ఏటి ఒడ్డునే తాటాకు పాకలు. అత్తకి అప్పుడు పదేళ్ళుంటాయేమో. చంకలో పసివాడైన తమ్ముడు, చేతిలో గంప. విమానం చప్పుడైతే వాణ్ణి పైకెత్తి చూపించేదట, వాడు చేతులు కొట్టేవాడట. అక్కడే విషజ్వరం వచ్చి వాడు పోయాడు. గట్టు మీద పాతిపెట్టి, మీద ఒక పలకరాయి నిలబెట్టారు. పని అయిపోయింది, పాకలు పీకేశారు, అందరూ నడిచి వచ్చేశారు. మా నాన్న ఆ తరవాత పుట్టాడు.

"ఎప్పుడూ ఎవరూ పోలేదురా. ఒక్కసారి సున్నం కొట్టిరా. నేను పోతే వాడొకడు పుట్టాడని తెలిసినోళ్ళు ఉండరు" అంది.

ఈ సంగతి నేను ఇంట్లో చెబితే, అందరికంటే ఉత్సాహపడింది అల్లుడు. అతనికి వెళ్ళడానికి ఒక సాకు కావాలి, నాకు ఒక తోడు కావాలి. క్రిస్మస్ దాటిన వారంలో స్నేహితుడి సైకిలొకటి నాకోసం అడిగి తెచ్చాడు. రెండిటినీ నా ఆటోలో వేసుకుని, ఒక సున్నం డబ్బా, ఒక కుంచె పెట్టుకుని దొనకొండ దాకా వెళ్ళాం. యుద్ధం నాటి మైదానం ఇంకా ఉంది. పగిలిన నేల, పగుళ్ళలో తుమ్మమొక్కలు, మేస్తున్న గొర్రెలు. అల్లుడు ఫోటోలు తీశాడు. నేను ఒక గులకరాయి తీసి చూసి, ఇది మా అత్త ఎత్తినదై ఉంటుందా అనుకుని, మళ్ళీ అక్కడే పెట్టాను. ఆ రాయిని మోసింది చాలు.

అక్కణ్ణుంచి ఏటికి దొంకదారి. ఎర్రమట్టి, కంకర, మధ్యమధ్య ఒండ్రు. ఇటు పత్తి, అటు మిరప, గాల్లో పురుగుమందు వాసన. అల్లుడు ముందు వెళ్ళి ఆగి, ఎలా ఉంది మావయ్యా అని అడుగుతాడు. బస్తాకి కూడా ఇంత కుదుపు తగలనిచ్చేవాణ్ణి కాదు నేను, అన్నాను. మధ్యాహ్నానికి నడుము నాది కాదనిపించింది. ఏరు కనపడేసరికి నాకు దాహం కూడా లేదు, కూర్చోవాలని తప్ప కోరికే లేదు. అత్త గుర్తులు రెండే చెప్పింది: ఏరు వంపు తిరిగే చోటు, అవతల నల్లగుట్ట. వంపు దొరికింది, గుట్ట దొరికింది. గట్టు మీద, పత్తిచేను అంచున, మోకాలెత్తు పలకరాయి కూడా దొరికింది.

అల్లుడు హెల్మెట్ తీశాడు. నేను చుట్టూ గడ్డి పీకి, డబ్బాలో నీళ్ళు పోసి, రాయికి నాలుగు వైపులా సున్నం కొట్టాను. ప్రార్థన కూడా చేశాను, నా నోటికొచ్చినంత.

కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నడుముకి పత్తి ఏరే ఒడిసంచులు కట్టుకున్న ఆడకూలీలు, వాళ్ళ ముందు చేనుగల రైతు, అతని భార్య. రైతు చేతిలో కర్ర ఉంది.

"ఎవరు పంపిచ్చారు మిమ్మల్ని? ఈసారేంది, రోడ్డా, ఫ్యాక్టరీనా?" అన్నాడు.

అప్పుడు మమ్మల్ని మేం చూసుకున్నాం. బిగుతు నిక్కరు, నల్లకళ్ళద్దాలు, హ్యాండిలు మీద మ్యాపు చూపిస్తున్న ఫోనుతో అల్లుడు అచ్చం సర్వే ఆఫీసరు. చేతిలో సున్నం డబ్బాతో నేను అతని వెనక కొలత గొలుసు లాగే మనిషిని. ఆ ప్రాంతంలో రాయికి సున్నం పడిందంటే ఎవరి భూమికో మూడిందని అర్థమట. విమానాలు మళ్ళీ వస్తాయని ఒకసారి, కంపెనీలొస్తాయని ఒకసారి సర్వేవాళ్ళు కొలిచి రాళ్ళు పాతి వెళ్ళారు. వచ్చింది ఏదీ లేదు, ఆ రాళ్ళు తప్ప.

"ఇది కూడా వాళ్ళు పాతిందే. దీని మీద తెలుపు చూస్తే మా ఇంట్లో అన్నం సయించదయ్యా" అన్నాడు రైతు.

సమాధనుకున్నది సర్వే రాయి. నేను మా పెదనాన్న అనుకుని ప్రభుత్వానికి ప్రార్థన చేశాను. ఇంకెప్పుడైనా అయితే పడీపడీ నవ్వేవాణ్ణి. వచ్చిన పని మొదటి నుంచీ చెప్పాను. పసిబిడ్డ అనేసరికి రైతు కర్ర దించాడు. అతని భార్య మాత్రం ఏటి వైపు తిరిగి, నీళ్ళ నడుమ ఇసక దిబ్బ కేసి చెయ్యి చూపించింది.

"మీరు చెప్పే గట్టు అదిగో అక్కడుండేది అన్నా. నేను కాపరానికొచ్చిన ఏడే వరదొచ్చి కోసుకుపోయింది. ఇప్పుడు మీరు నిలబడింది అప్పట్లో మా చేని నడిమధ్య."

ఏట్లో సన్నగా నీళ్ళు పారుతున్నాయి. ఇక చూడ్డానికి ఏమీ లేదు. సున్నం అలాగే వదిలేస్తే దారినపోయేవాళ్ళు చూసి ఊరంతా హడలిపోతారని రైతు అన్నాడు. సరేనని ఇద్దరం ఏట్లోంచి డబ్బాతో నీళ్ళు తెచ్చి, పీచు పెట్టి, కొట్టిన సున్నమంతా తోమి కడిగేశాం. ఆ ఇల్లాలు మాకు మజ్జిగ పోసింది. తిరుగుదారిలో ఎలా ఉందని అల్లుడు నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

ఊరు దగ్గరపడుతుండగా ఆటోలో అతను మెల్లగా, ఫోటో ఉంది కదా మావయ్యా అన్నాడు. కడగకముందు తీశాడు. తెల్లటి రాయి, వెనక ఏరు, పైన ఆకాశం, ఎంత బాగా వచ్చిందో. అత్తకి చూపు ఆనదు. ఏది చూపించినా నమ్మేది. నమ్ముతుంది కాబట్టే చూపించలేకపోయాను.

వరండాలో ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. అంతా విని, ఏట్లో నీళ్ళున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. "పోనీలే. ఒక్కడే పడుకోలేదన్నమాట" అంది. తరవాత, తన తల్లి ఆ బిడ్డ పేరు ఇంట్లో ఎవరూ పలకకూడదని కట్టడి చేసిందనీ, వింటే ఆమెకి ఫిట్స్ వచ్చేవనీ, అందుకే నాన్నకి కూడా ఆ పేరు తెలియదనీ చెప్పింది. రాయి లేనప్పుడు ఇంక దాచి ఏం చేసుకోను అంది.

"దానియేలు. ఏదీ, నువ్వను."

అన్నాను. అల్లుణ్ణి కూడా పిలిచి అనిపించింది. అతను సైకిలు నిక్కరులోనే నిలబడి, బళ్ళో పిల్లాడిలా గట్టిగా అన్నాడు. ఇంకోసారి అనమంది.

ఆ ఈస్టరుకి అత్త సమాధుల దొడ్డికి రాలేదు, రావాలని కూడా అనలేదు. వానలు మొదలయ్యాక నిద్రలోనే వెళ్ళిపోయింది. ఖాళీ నేలలో ఇప్పుడు తనే ఉంది. ఏటా సున్నం కొట్టేది నేనే. మొన్న ఫోనులో అల్లుడు సైకిలు సంగతి చెప్పి, మావయ్యా, ఆ పిల్లాడి పేరేంటి, యోహానా అని అడిగాడు. కాదని చెప్పాను. ఏడాది కూడా నిండని పిల్లాడు ఒక ఆడమనిషి నోట్లో ఎనభై ఏళ్ళు బతికాడు. నా నోట్లో ఎన్నాళ్ళుంటాడో, బజారుకి వెళ్ళి ఎందుకొచ్చానో గుర్తురాక నిలబడిపోయే వయసులో ఉన్నాను నేను.