మందకు ముందు నడిచే మనిషి

నాగప్పకు కొండ మీద నిధి దొరికిందని పెనుకొండలో ఒక మాట ఉంది.

ఆ మాట పుట్టింది బస్టాండు ముందరున్న తిమ్మరాజు టీ అంగట్లో. తిమ్మరాజు తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తాడు. ఊళ్లో ఎవరు ఎటు పోయినా ముందు అతని కంట్లోనే పడతారు.

"రోజూ తెల్లారకముందే, మబ్బులోనే ఆ కరెంటు ఆటో తీసుకొని కొండ పక్కకు పోతాడప్పా. సప్పుడు లేదు, పొగ లేదు. దొంగపనికి అంతకన్నా మంచి బండి యాడుండాది?" అన్నాడు తిమ్మరాజు.

"ఒక్కడే పోతాడా?" అన్నాడు మారెప్ప. పొద్దున టీ తాగడానికి వచ్చి మధ్యాహ్నం దాకా కదలని మనిషి అతను.

"ఒక్కడే. ముందర సీట్లో మాత్రం ఒక మూట ఉంటాది. నల్ల కంబళి కప్పింటాది. ఇంత ఎత్తు."

"మూటలో ఏముంటాదంటావ్?"

"తెలిసింటే నేను ఈడ టీ ఏంటికి కాస్తా? సరే, ఇంకోటి చూడు. ఊరు చూసేదానికి వచ్చినోళ్లను ముందర తోలి, తాను ఎనక నడుస్తాడు. యాడన్నా గైడు ఎనక నడిచేది చూసినావా? నిధి తవ్వినోడు ముందర పోకూడదబ్బా. దానికి కాపలా ఉండేది ముందర కనపడినోన్నే పట్టుకుంటాది."

మారెప్ప గ్లాసు కింద పెట్టేశాడు. "మొన్న ఆటో దిగినాక నన్ను కూడా నువ్వు ముందర నడువన్నా అన్నాడే!"

అంగడంతా నవ్వింది. మారెప్ప మాత్రం ఆ రోజు రెండో టీ తాగకుండానే ఇంటికి పోయాడు.

ఈ మాటలు నాగప్ప దాకా వచ్చాయి. బదులు చెప్పాలన్నా అతనికి మాట తొందరగా రాదు. మాట వచ్చే మనిషి ఆ ఇంట్లో సోమక్క. నాగప్ప భార్య.

వాళ్లిద్దరూ పెళ్లయిన నాటి నుంచి గొర్రెలు మేపినవాళ్లు. మందను తోలడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ముందు, ఒకరు వెనక. ముందు మనిషి దారి చూస్తుంది, గొంతు ఇస్తుంది, ఎక్కడ ఆగాలో చెబుతుంది. గొర్రెలు ఆ గొంతు వెంట పోతాయి. వెనక మనిషి పని వేరు. కుంటిదాన్ని చూసుకోవాలి. ముళ్లకంపలో ఇరుక్కున్నదాన్ని విడిపించాలి. దారిలో ఈనితే పిల్లను ఎత్తుకొని రావాలి. ఒక్కదాన్ని కూడా వదిలిపెట్టి రాకూడదు. ఆ ఇంట్లో ముందు మనిషి సోమక్క, వెనక మనిషి నాగప్ప. పెనుకొండ కొండ చుట్టూ ఉన్న ప్రతి బండా, ప్రతి కోట గోడా నాగప్పకు సోమక్క వీపు వెనక నుంచే తెలుసు.

సోమక్క మోకాళ్లు అరిగిపోయాక గొర్రెలను అమ్మాల్సి వచ్చింది. బత్తలపల్లి నుంచి వ్యాపారి లారీ తెచ్చాడు. ఎక్కించడానికి చెక్క పలక వేశారు. గొర్రెలు ఎక్కలేదు. తోలేవాళ్లు కొట్టారు, లాగారు, చెవులు పట్టుకొని ఈడ్చారు. అవి గుంపుగా వెనక్కి వెనక్కి పోతూనే ఉన్నాయి. చివరికి సోమక్క వాకిట్లో నుంచి లేచి వచ్చింది. పలక పట్టుకొని నొప్పి పంటి కింద నొక్కుకుంటూ తానే లారీలోకి ఎక్కింది. ఎక్కి ఒక్కసారి గొంతు ఇచ్చింది. అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె వెంట ఎక్కేశాయి. తర్వాత ఆమె వాటి మధ్యలో నుంచి దారి చేసుకొని కిందికి దిగింది.

ఆ రోజు ఇంట్లోకి పోయిన మనిషి మళ్లీ బయటికి రాలేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి మోకాళ్లు ఉన్నాయి. నాగప్పకు తెలుసు, మోకాళ్లు ఒక్కటే కాదని. కానీ ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

నాగప్ప ఎర్రమంచి దగ్గర ఒక కట్టడానికి కాపలా పనికి పోయాడు. అక్కడే ఆటో నడపడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత హిందూపురం అమ్మాయి ఐశ్వర్య పెనుకొండలో కోట చూపించే కరెంటు ఆటోలు పెట్టింది. రెండు బండ్లు. ఒకటి అశోక్‌కు, ఒకటి నాగప్పకు. బండికి రాత్రి కరెంటు పెట్టుకోవడానికి ఎవరి ఇంటికి వాళ్లు తీసుకుపోవచ్చు. నాగప్ప తన బండిని ఖాళీగా ఉన్న గొర్రెల దొడ్లో కట్టాడు. కట్టాడు అనే అంటాడు, నిలిపాడు అనడు.

మొదటిరోజు తెల్లవారుజామున సోమక్క దొడ్డి గుమ్మం దాకా వచ్చి ఆ బండిని చూసింది.

"ఇది మేత తినదా?" అంది.

"తినదు."

"అరవదా?"

"అరవదు."

"అయితే దీన్ని పెట్టుకొని ఏం చేస్తావు?"

"ఎక్కు, చూపిస్తా," అన్నాడు నాగప్ప.

ఆమె కంబళి తల మీదుగా కప్పుకొని ఎక్కింది. జనం చూస్తారని ఆమెకు బిడియం. అందుకే రోజూ తెల్లవారకముందే పోయేవారు. కోట గోడ పక్కగా ఒక చుట్టు తిరిగి, కొండ కింద కాసేపు ఆగి, వెలుగు పూర్తిగా రాకముందే ఇల్లు చేరేవారు. దారిలో సోమక్క ఒక్కొక్క చోటు చూసి ఏదో ఒకటి అనేది. అక్కడ తుమ్మచెట్టు కొట్టేసినారే అనేది. ఈ బండ కింద నీళ్లింకా ఉండాయా అనేది. నాగప్పకు అది చాలు. ఆ చుట్టు తిరిగి వచ్చిన రోజు ఆమె రెండు ముద్దలు ఎక్కువ తినేది.

ఇబ్బందల్లా గైడు పనితోనే. వచ్చినవాళ్లు బండి దిగి కోటలోకి నడిస్తే నాగప్ప వాళ్ల వెనక పడేవాడు. ముందుకు పోవాలని అతనికి తోచదు. ముసలివాళ్లకు చెయ్యి అందించేవాడు, నీళ్ల సీసా మోసేవాడు, దారి తప్పిన పిల్లల్ని తెచ్చేవాడు. కానీ ఇదేమిటి, అదేమిటి అని అడగడానికి ముందు ఎవరూ ఉండరు. మనిషి మంచోడే, గైడు మాత్రం లేడు అని వచ్చినవాళ్లు ఐశ్వర్యకు చెప్పసాగారు.

ఐశ్వర్య ఫోన్ చేసింది. "నాగప్పన్నా, ఆదివారం నేనూ వస్తాండా. ధర్మవరం నుంచి చంద్రశేఖర్ గారి కుటుంబం వస్తాంది. పట్టుచీరల అంగడి ఆయనది. ఆయనకు నచ్చితే చీరలకు వచ్చేవాళ్లందరినీ మన దగ్గరికి పంపిస్తాడు. నువ్వు ముందుండి చెప్పాల. ఈసారి కూడా ఎనక నడిస్తే బండి అశోక్ తమ్మునికి ఇచ్చేస్తా. నా మీద కోపం పెట్టుకోవద్దు."

"లేదు మేడమ్," అన్నాడు నాగప్ప.

ఫోన్ పెట్టేసి దొడ్డి వైపు చూశాడు. బండి పోతే తన బతుకు కూలితో ఎట్లయినా గడుస్తుంది. సోమక్క మాత్రం మళ్లీ ఆ నాలుగు గోడల మధ్యకే పోతుంది. ఈసారి పోతే తిరిగి రాదు.

ఐశ్వర్య చెప్పిన మాటలు వారమంతా బట్టీ పట్టాడు. అన్నం తింటూ గొణిగాడు. సోమక్క వింటూ వడ్డించింది.

ఆదివారం తెల్లవారుజామున కూడా ఇద్దరూ చుట్టుకు పోయారు. ఆ రోజు మానుకుందామని నాగప్ప అన్నాడు. "రేపు బండి ఉంటాదో లేదో, ఈ రోజు పోదాం," అంది సోమక్క. కొండ కింద ఆగి ఉండగా ఐశ్వర్య నుంచి ఫోన్ వచ్చింది. ఎండకు భయపడి చంద్రశేఖర్ వాళ్లు కారులో ముందే వచ్చేశారు. కోటకున్న ఎర్రమంచి వాకిలి దగ్గర నిలబడి ఉన్నారు.

ఇల్లు ఊరికి ఆ చివర ఉంది.

"నన్ను ఈ బండ మీద దించి పో. మళ్లా వచ్చి తీసుకపో," అంది సోమక్క.

నాగప్ప బండను చూశాడు. ఆమెను చూశాడు. వెనక మనిషిగా బతికినవాడికి ఒకరిని వదిలి పోవడం చేత కాలేదు. బండి తిప్పాడు.

వాకిలి దగ్గర ఐశ్వర్య ఎదురొచ్చింది. ముందు సీట్లో కంబళి కప్పుకున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"ఎవరీమె?"

"మా ఇంటామె, మేడమ్."

ఐశ్వర్య వెనక్కి తిరిగి ఒకసారి అతిథులను చూసింది. చంద్రశేఖర్, అతని భార్య ఉషారాణి, చేతిలో సగం తిన్న బిస్కెట్టుతో వాళ్ల చిన్న కూతురు. "తర్వాత మాట్లాడదాం," అంది మెల్లగా.

వాకిలి దగ్గర నాగప్ప ముందుకు పోయాడు. "ఇది ఉత్తరం వాకిలి. విజయనగరం రాజులు..." అని వెనక్కి చూశాడు. "రాజులు ఈడ..." అని మళ్లీ చూశాడు.

"ఎనక ఎవరన్నా వస్తాండారా?" అంది ఉషారాణి భయంగా.

"లేదమ్మా. మీరందరూ ఉండారా లేదా అని."

"యాడికి పోతామప్పా, డబ్బులు కట్టినాం గదా!" అన్నాడు చంద్రశేఖర్. అందరూ నవ్వారు. ఐశ్వర్య నవ్వలేదు.

అక్కడి నుంచి బండెక్కి కోట గోడ దగ్గర దిగాక ఇంకా అధ్వాన్నం అయింది. నాగప్ప ముందు నడుస్తున్నాడు, పాప గులకరాళ్లు ఏరుకుంటూ వెనక ఉండిపోయింది. అతని వీపుకు అది తెలిసిపోతోంది. రెండు మాటలు చెప్పడం, పాప కోసం వెనక్కి పోవడం, మళ్లీ ముందుకు రావడం. మూడోసారి ముందుకు వచ్చేసరికి బట్టీ పట్టిన మాటల్లో ఒక్కటి కూడా మిగల్లేదు. చంద్రశేఖర్ ఫోన్ తీశాడు. ఐశ్వర్య నేల వైపు చూస్తోంది.

"ఇదో!" అని ఆటోలో నుంచి కేక వచ్చింది. "నువ్వు ఎనక్కి పో!"

సోమక్క దిగుతోంది. ఆటో కడ్డీ పట్టుకొని ఒక కాలు, కాసేపాగి ఇంకో కాలు కింద పెట్టింది. కంబళి సీటు మీద పడేసింది.

"పాపా, ఇట్ల రా. నీ భుజం ఇయ్యి. నాకు మోకాళ్లు లేవు."

"మోకాళ్లు ఉండాయి కదా అవ్వా?" అంది పాప.

"ఉండాయి, ఊరికే చూసేదానికి."

పాప కిలకిల నవ్వి భుజం ఇచ్చింది. సోమక్క ముందు నడిచింది. ఆమె నడక ఎంత నిదానమంటే వెనక ఉన్నవాళ్లు దాన్ని దాటి పోలేరు, దాని కన్నా వెనక పడలేరు. ఆమె ఆగితే అందరూ ఆగాలి. ఆగినప్పుడు చూడటం తప్ప వేరే పని లేదు. చంద్రశేఖర్ ఫోన్ జేబులో పెట్టేశాడు.

"ఈ గోడ ఉప్పగా ఉంటాది," అంది సోమక్క. "ఆ తెల్లగా పూసింది చూడండి. మా గొర్రెలు ఈడికొస్తే కదిలేవి కావు. వరసగా నిలబడి నాకేవి."

పాప వెంటనే గోడకు నాలుక ఆనించింది.

"ఏయ్, ఏయ్!" అని ఐశ్వర్య పరుగెత్తుకొచ్చింది.

"నిజమే, ఉప్పే!" అని అరిచింది పాప. ఉషారాణి నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చంద్రశేఖర్ ఎవరూ చూడటం లేదనుకొని వేలితో గోడను తాకి ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. వెనక ఉన్న నాగప్పకు అది కనపడింది. వెనక నడిచేవాడికి అన్నీ కనపడతాయి.

"మరి రాజుల సంగతి చెప్పలేదే అవ్వా?" అన్నాడు చంద్రశేఖర్ వేలు తుడుచుకుంటూ.

"రాజులది ఆ బోర్డు మీద రాసుండాది నాయనా, చదువుకో. నాకు చదువు రాదు. ఇదో, ఈ గూడు చూడు. సిపాయిలు నిలబడేదానికి కట్టుంటారు. ఒక తూరి పెద్ద వాన. మా గొర్రె ఈ గూట్లోనే ఈనింది. చలికి పిల్ల బిగుసుకపోయింది. మా ఆయన దాన్ని చొక్కా లోపల కడుపుకు ఆనించుకొని తెల్లారేదాకా ఈడే కూర్చున్నాడు. నేను తిడతానే ఉండా, నువ్వు కూడా బిగుసుకపోతావురా నాయనా అని."

అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి నాగప్పను చూశారు. అతను పక్కకు మొహం తిప్పుకొని ఉషారాణి నీళ్ల సీసా మూత బిగించసాగాడు.

"బతికిందా?" అంది పాప.

"బతికింది. పెద్దదై నన్నే కుమ్మింది."

మళ్లీ నడక సాగింది. ముందు సోమక్క, పక్కన పాప, ఆ వెనక మిగిలినవాళ్లు, అందరికన్నా వెనక నాగప్ప. లారీ పలక ఎక్కిన రోజు తర్వాత అతను ఆమె వీపును ఇట్లా చూడటం ఇదే. కొంచెం వంగింది. ఎడమ పక్కకు ఒరుగుతోంది. అయినా దారి అదే. ఎవరు ఎక్కడున్నారో వెనక్కి చూడకుండానే తెలిసిన వీపు అది. నాగప్ప అడుగులు వాటంతట అవే సర్దుకున్నాయి.

చంద్రశేఖర్ వాళ్లు కారెక్కి పోయాక ఐశ్వర్య ఆటో పక్కన నిలబడింది.

"రోజూ ఈమెను బండిలో తిప్పుతాండావా?"

"అవును మేడమ్."

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే వద్దంటారని."

"వద్దనే అనేదాన్ని," అంది ఐశ్వర్య. తర్వాత సోమక్క వైపు తిరిగింది. "అక్కా, రేపట్నుంచి నువ్వు కూడా వస్తావా? వచ్చినోళ్లతో?"

సోమక్క మోకాలు రుద్దుకుంటోంది. "నేనా? నీ బండి కొత్తది, నేను పాతదాన్ని."

"ముందు సీటు నీదే."

"ఎనక మా ఆయన ఉంటే వస్తా. ఇంకొకరు ఉంటే నాకు నడక రాదు."

"ఉంటాడులే," అంది ఐశ్వర్య.

ఇప్పుడు సోమక్క పట్టపగలే, కంబళి లేకుండా, ఆటోలో కూర్చుని బస్టాండు ముందు నుంచి పోతుంది. తిమ్మరాజు తన మాట మార్చుకోలేదు, కొంచెం పెంచుకున్నాడు. "నిధి కాడ కాపలాకు పెండ్లాన్నే పెట్టినాడు సూడప్పా. బయటోళ్లను నమ్మేదానికి లేదు మరి," అంటాడు. మారెప్ప తల ఊపుతాడు.

ఆటో రాకముందు ఏడాది పాటు సోమక్క ఆ ఊళ్లో ఎవరి కంటా పడలేదు. ఆమె ఏమైందని ఆ అంగట్లో ఒక్కరు కూడా అడగలేదు.